లాల్ బాషా బిగించిన పైపు

లాల్ బాషాకు అసహ్యం త్వరగా పుట్టేది. కువైట్ ఫర్వానియాలో మేం ఆరుగురం ఒకే గదిలో ఉన్న రోజుల్లో అతనితో వేగడం కష్టంగా ఉండేది. ఎవడైనా గరిటె వదిలేసి చేత్తో కూర కలిపితే ఆ పూటకు ఉత్త రొట్టె తిని లేచిపోయేవాడు. సింకులో నానిన మెతుకులు కనిపిస్తే "ఛీ, ఇది మనుషులుండే కొంపేనా" అని అందరికీ వినబడేలా తిట్టేవాడు. అతని పనేమో షువైఖ్‌లో హోస్ పైపులు తయారు చేసే షాపులో. పొద్దస్తమానం గ్రీజులో మునిగి తేలేవాడికి ఇంత శుచి ఎక్కడిదని మేం నవ్వుకునేవాళ్లం.

"గ్రీజు సబ్బు పెడితే పోతాదబ్బా. దాన్ని మురికి అనరు" అన్నాడొకసారి. మరి మురికంటే ఏమిటని అడిగితే, సల్వాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్నప్పటి సంగతి చెప్పాడు. ఆ ఇంట్లోనే పనిచేసిన అచ్చాయమ్మ కూడా శుక్రవారాలు చర్చికి వచ్చినప్పుడు మా వీధిలో కనిపించేది. ఇతను దాటవేసిన ముక్కలు ఆమె దగ్గర దొరికాయి. రెండూ కలిపి రాస్తున్నాను.

లాల్ బాషాది కడప జిల్లా రాయచోటి. ట్రాక్టర్ల షెడ్డులో పని నేర్చుకుని, ఇంటి డ్రైవరు వీసా మీద కువైట్ వచ్చాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెద్దాయన. ఇంట్లో అందరూ ఆయన్ను బాబా అని, ఆయన భార్యను మామా అని అనేవాళ్లు. బాబా కొడుకు మిషాల్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. చదువు అయిపోయింది, ఉద్యోగంలో చేరాడు, చేరినా పదకొండింటికి ముందు నిద్ర లేచేవాడు కాదు. 2005 ఎండాకాలంలో అతనికి ఒక సరదా పుట్టింది. వాళ్ల మేనమామకు వఫ్రా వైపు తోట ఉండేది. అందులో ఒక పాత అమెరికన్ కారు, ఇరాక్ దాడి నాటి నుంచి అంటే పదిహేనేళ్లుగా, రేకుల కింద పడి ఉంది. దాన్ని తెచ్చి, విప్పి, మళ్లీ కొత్తదానిలా నిలబెట్టాలని.

"నీకు మెకానిక్ పని వచ్చు కదా, నువ్వే చెయ్యి" అన్నాడు మిషాల్. డ్రైవరు పనికి ఇది అదనం. కాదనే వీలు లేదు.

ట్రక్కు మీద ఆ కారు వచ్చిన రోజును లాల్ బాషా ముఖం చిట్లించుకోకుండా చెప్పలేకపోయేవాడు. తలుపు తీయగానే లోపలి నుంచి వచ్చిన వాసనకు వెనక్కి తగ్గాడట. వెనక సీటులో పిల్లులు ఎన్నిసార్లు ఈనాయో లెక్క లేదు. సీటు స్పాంజి నిండా వెంట్రుకలు, ఎండిపోయిన పియ్యి, ఒక పిల్లి కళేబరం, చర్మం అట్టలా బిగుసుకుపోయి ఉంది. బానెట్ ఎత్తితే బొద్దింకలు. పవర్ స్టీరింగ్ పంపు మూత తిప్పితే లోపల ఆయిల్ లేదు, చెడిన హల్వాలా నల్లటి ముద్ద ఉంది. అందులో ఒక బల్లి. మూతికి గుడ్డ కట్టుకుని మూడు రోజులు కడిగాడు. ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు. అచ్చాయమ్మ మజ్జిగ కలిపి ఇస్తే అది తాగి గడిపాడు.

అయినా పని మొదలుపెట్టాక అతనికి ఆ కారు మీద ఇష్టం కలిగింది. ఈ మాట అతను చెప్పలేదు, అచ్చాయమ్మ చెప్పింది. "ఎండలో ఆ బండి కింద దూరి, నట్లు ఒక్కోటీ కిరసనాయిల్లో కడిగి, తెల్లగుడ్డ మీద వరసగా పేర్చుకునేవాడు బాబూ. మా మామా కిటికీలోంచి చూసి, వీడు బండి బాగుచేస్తున్నాడా, నగలు తోముతున్నాడా అని నవ్వేది."

ఇంజను పని షువైఖ్ గ్యారేజీలో అయింది. ముత్యం తెలుపు రంగు వేయించారు. ఫిబ్రవరి వచ్చేసరికి మిగిలింది ఒకే పని, పవర్ స్టీరింగ్ హోస్ పైపులు.

ఆ కారుకు అవి రెండు. ఒకటి పంపు నుంచి స్టీరింగ్ బాక్సుకు ఆయిల్‌ను నెట్టుకుపోతుంది. రెండోది బాక్సు నుంచి ఆయిల్‌ను వెనక్కి తెస్తుంది. వెనక్కి తెచ్చేదానిలో ఒత్తిడి ఉండదు, మామూలు రబ్బరు పైపుకు క్లిప్పు బిగిస్తే చాలు. మొదటిది అలా కాదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే దానిలో ఒత్తిడి వెయ్యి పౌండ్లు దాటుతుంది. టైరులో మనం పట్టించే గాలి ముప్ఫై. అందుకే దాని రెండు చివర్లా ఇనుప మూతులు యంత్రంతో నొక్కి ఉంటాయి. పాత పైపులు చేత్తో వంచితేనే పెటపెటమని విరిగాయి. కొత్తవి అమెరికా నుంచి రావాలి. ఇంకో మూడు వారాలు పడుతుందన్నారు.

ఫిబ్రవరి ఇరవై అయిదు కువైట్ జాతీయ దినం. జెండాలు కట్టిన కార్లు సముద్రం ఒడ్డున గల్ఫ్ రోడ్డు మీద బారులు తీరతాయి. మిషాల్ ఆ రోజు ఈ కారును నడుపుతానని స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. వెనక సీటులో అక్క పిల్లలిద్దరినీ, వాళ్లను పట్టుకోవడానికి అచ్చాయమ్మనూ తీసుకెళ్తానన్నాడు. పదకొండేళ్లుగా ఆ దేశంలో ఉంటూ ఆ సంబరాన్ని అచ్చాయమ్మ టీవీలో తప్ప చూడలేదు. మామా ఆమెకు జెండా రంగుల స్కార్ఫు కూడా కొనిచ్చింది.

ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం మిషాల్ ఒక పైపు తెచ్చి లాల్ బాషా ఒళ్లో పడేశాడు. పైన స్టీలు తీగలు అల్లి ఉన్నాయి. వెండిలా మెరుస్తోంది.

"ఇది వెయ్యి. సాయంత్రానికి బండి కదలాలి."

"దీనికి మూతులు లేవు."

"పాత మూతులు కోసి తియ్యి. దీంట్లోకి దూర్చి క్లిప్పులు బిగించు. షాపువాడు చెప్పాడు, అందరూ అలాగే చేస్తారట."

లాల్ బాషా పైపు చివర కత్తితో కోసి చూశాడు. పైన తళుకే తప్ప లోపల పల్చటి రబ్బరు. నీళ్లకు వాడేది. స్టీలు అల్లిక రబ్బరుకు అంటుకుని కూడా లేదు, మేజోడులా జారి చేతికొచ్చింది. కుళ్లిన మాంసాన్ని వెండి కాగితంలో చుట్టి ఇచ్చినట్టు అనిపించిందని చెప్పాడు.

"ఇది ఆగదు. పగిలిపోతుంది."

"మూడేళ్లయింది కదా నువ్వు ఊరికెళ్లి. వచ్చే నెల సెలవు కావాలన్నావు" అన్నాడు మిషాల్, ఫోనులోంచి తల ఎత్తకుండానే. "కారు కదలకపోతే నీ సెలవూ కదలదు. యల్లా, కానియ్యి."

ఇక్కడ లాల్ బాషా కాదన్నాడని రాయగలిగితే నాకూ బాగుండేది. అతను కాదనలేదు. పాత పైపు ఇనుప మూతులు రంపంతో కోశాడు. తళుకు పైపును వాటి మీదికి తోసి, ఒక్కో చివర రెండేసి క్లిప్పులు పెట్టి, స్క్రూ తిరిగినంత బిగించాడు. ఆయిల్ పోసి ఇంజను స్టార్ట్ చేశాడు. చక్రాలు నేరుగా ఉన్నంతసేపూ పైపు బాగానే ఉంది. మిషాల్ ఆవరణలోనే పది గజాలు ముందుకూ వెనక్కూ నడిపి, దిగి, బానెట్ కింద మెరుస్తున్న పైపుకు ఫోటో తీసుకున్నాడు. "చూశావా, ఎంత అందంగా ఉందో" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ భుజం తట్టడమే తనకు అన్నిటికన్నా రోత పుట్టించిందని లాల్ బాషా చెప్పాడు.

సాయంత్రం అచ్చాయమ్మ అన్నం పళ్లెం తెచ్చేసరికి అతను పెరటి కుళాయి దగ్గర చేతులు తోముకుంటున్నాడు. సబ్బు సగం అరిగిపోయింది.

"ఏంటి తమ్ముడూ, తోలు ఊడొచ్చేలా ఉంది. రా, తిను."

"వద్దక్కా. ఈ చేత్తో ఎట్ల తినేది? చూస్తాంటేనే అసయ్యం పుడతాంది."

"ఏమయ్యిందిప్పుడు?"

"ఏం కాలా. కాబోతాది." చేతులు విదిలించాడు. "ఎల్లుండి నువ్వు ఆ బండి ఎక్కొద్దు."

అచ్చాయమ్మకు కోపం వచ్చింది. "నీకేం పోయేకాలం? ఎప్పుడూ లేంది ఒక్కరోజు బయటికి తీసుకెళ్తానంటే మధ్యలో నువ్వు అడ్డేంటి?"

అతను విడమరిచి చెప్పాడు. ఆ పైపు ఎక్కడో మలుపులో ఊడుతుంది. ఊడితే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. అది ఒక ఎత్తు. పైపుకు జానెడు దూరంలోనే కాలిపోతున్న సైలెన్సర్ పైపు ఉంది. ఆయిల్ దాని మీద చిమ్మితే మంట లేస్తుంది. వెనక సీటులో ఇద్దరు పిల్లలు.

"మరి అలాంటిది ఎందుకు బిగించావు?" అంది అచ్చాయమ్మ.

అతను మళ్లీ సబ్బు అందుకున్నాడు. పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆమె తీసుకెళ్లి పిల్లులకు పెట్టేసింది.

మర్నాడు పది గంటలకు బాబా ఆవరణలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. మిషాల్ ఆ రోజు పెందరాళే లేచాడు. ఇస్త్రీ నలగని తెల్లటి పొడుగాటి అరబ్బు అంగీ దిష్‌దాషా వేసుకుని, సెంటు కొట్టుకుని, కారు ఎక్కడానికి వచ్చాడు. లాల్ బాషా ఎక్కనివ్వలేదు. అప్పటికే అతను కారు పక్కన రెండు బకెట్ల ఇసుక పెట్టుకున్నాడు. బానెట్ ఎత్తి ఉంది. ఇంజను పావుగంట నుంచి తిరుగుతోంది.

"బాబా, ఒక్క నిమిషం చూడండి" అన్నాడు పెద్దాయనతో. మిషాల్‌ను వెనక్కి జరగమన్నాడు. మిషాల్ జరగలేదు. పైగా పైపు వైపు ఒంగాడు.

లాల్ బాషా కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్‌ను కుడివైపు ఆఖరి దాకా తిప్పి పట్టుకున్నాడు. పంపు మూలిగింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడట. నాలుగు అనక ముందే పెద్ద చప్పుడుతో పైపు ఊడింది. పాములా ఎగిరి అటూ ఇటూ కొట్టుకుంటూ వేడి ఆయిల్‌ను చిమ్మింది. ముత్యం తెలుపు రంగు మీద, నేల మీద, మిషాల్ దిష్‌దాషా మీద మెడ నుంచి మోకాళ్ల దాకా. సైలెన్సర్ పైపు మీద పడినది భగ్గుమంది. జానెడు మంట, దాని పైన నల్లటి పొగ. లాల్ బాషా ఇంజను ఆపి ఇసుక గుమ్మరించాడు. మంట ఆరింది. ఆరు నెలలు కడిగి తుడిచిన ఇంజను ఇసుకా ఆయిలూ కలిసిన బురదలో కూరుకుపోయింది. మాడిన ఆయిల్ కంపు, దానికి తోడు మిషాల్ సెంటు వాసన. ముక్కు మూసుకోని మనిషి లేడు.

"కావాలని చేశాడు! వీడు కావాలని చేశాడు!" మిషాల్ అరుస్తూ వచ్చి లాల్ బాషా చెంప మీద కొట్టాడు.

"అవును, కావాలనే" అన్నాడు లాల్ బాషా బాబా వైపు తిరిగి. అతని అరబీ వంటింటి అరబీ. అదీ తడబడింది. "బిగించింది నేనే. తప్పు నాది. రేపు పిల్లలు కూర్చుంటే ఏమయ్యేదో చూపించాను. నన్ను పంపేస్తే పంపెయ్యండి."

బాబా కుర్చీలోంచి లేవలేదు. టీ గ్లాసు కింద పెట్టి కొడుకును అడిగాడు. "ఆగదని వీడు నీకు ముందే చెప్పాడా?"

మిషాల్ మెడ మీది ఆయిల్‌ను వేలితో తుడిచి, ఆ వేలిని కారుకే రాసి, లోపలికి వెళ్లిపోయాడు.

బాబా లాల్ బాషాను మెచ్చుకోలేదు, తిట్టలేదు. "సరిగా చెయ్యి, ఎన్ని రోజులు పట్టినా" అన్నాడు. ఆయన కూడా లోపలికి వెళ్లాడు. ఆ రొచ్చంతా కడగడానికి మిగిలింది లాల్ బాషా, అచ్చాయమ్మ.

మర్నాడు మిషాల్ స్నేహితుడి కారులో ఊరేగింపుకు వెళ్లాడు, పిల్లలు వాళ్ల నాన్నతో వెళ్లారు, అచ్చాయమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయింది. వారం రోజులు లాల్ బాషాకు పళ్లెం గుమ్మంలో పెట్టి వెళ్లిపోయేది. "నన్ను బతికించాడని తెలుసు బాబూ" అంది నాతో ఆ సంగతి చెబుతూ. "తెలిసినా కోపం వచ్చింది. ఇంకో బండి చూడమని ముందే మామాకి చెప్పుంటే నేనూ వెళ్లేదాన్ని కదా. ఈయనకి పైపులే కానీ మనుషులు పట్టరు."

సెలవులయ్యాక లాల్ బాషా ఊడిన పైపును సంచిలో వేసుకుని షువైఖ్ వెళ్లాడు. ముందు అది అమ్మిన షాపుకే వెళ్లాడు. కౌంటర్లో ఉన్నతను మనవాడే, రాజోలు నుంచి వచ్చిన సురేష్ బాబు. లాల్ బాషా పైపును గాజు బల్ల మీద పెట్టాడు. ఆయిల్ ఓడి బల్లంతా పారింది.

"ఇది ఏంటికి అమ్ముతాండారు సామీ? లోపల చూసినారా ఎప్పుడైనా?"

"మనదేం ఉందండీ బాషాగారూ" అన్నాడు సురేష్ బాబు నెమ్మదిగా, గుడ్డతో బల్ల తుడుస్తూ. "ఓనరు తెస్తాడు, నేను అమ్ముతాను. కుర్రాళ్లకి మెరుపు కావాలండి. లోపలేముందని ఎవరూ అడగరు."

"మీరు మీ బండికి ఏస్తారా?"

"అబ్బెబ్బే, మా వ్యానుకి నేనెందుకేస్తానండీ!" అన్నాడు సురేష్ బాబు. అనేశాక తనేమన్నాడో తనకే అర్థమై గుడ్డ తిప్పడం ఆపాడు.

లాల్ బాషా బయటికొచ్చి రోడ్డు పక్కన ఉమ్మాడు. ఒకసారి కాదు, నోరు ఎండిపోయేదాకా. అయితే ఆ అసహ్యంలో సగం తన మీదే అని కూడా చెప్పాడు. "వాడు అమ్మినాడు, నేను బిగిస్తి. వాడు లోపల చూసినాడో లేదో నాకు తెల్దు. నేను కోసి చూసినాక కూడా బిగిస్తి కదబ్బా."

నాలుగు వీధుల అవతల క్రేన్లకూ బుల్డోజర్లకూ హోస్ పైపులు కట్టే షాపు ఒకటుంది. దాన్ని నడిపేది మాబు అనే అరవయ్యేళ్ల మనిషి. ఆయనదీ కడప జిల్లానే, పులివెందుల. లాల్ బాషా తెచ్చిన పాత మూతులు చూసి, "ఎవడోయ్ దీన్ని రంపంతో కోసింది? చెయ్యి ఇరిగిపోను" అన్నాడు.

"నేనే" అన్నాడు లాల్ బాషా.

మాబు తల ఎత్తి చూశాడు. తర్వాత సరైన మూతులు వెతికి, నాలుగు పొరల దళసరి పైపు కోసి, యంత్రంలో పెట్టి నొక్కాడు. పైపును పరీక్షించే పంపుకు తగిలించి, రెండున్నర వేల పౌండ్ల దాకా ఒత్తిడి ఎక్కించి, చుట్టూ కాగితం చుట్టి చూపించాడు. కాగితం మీద చుక్క తడి లేదు. లాల్ బాషా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట.

ఈసారి పని రెండు రోజులు చేశాడు. మొదటి రోజు ఇసుక బురద కడగడానికే సరిపోయింది. రెండో రోజు ఆయిల్ కారకుండా కొత్త రబ్బరు ఓ-రింగులు వేసి, నట్లను ముందు వేళ్లతో తిప్పి, మర సరిగా పట్టిందని తెలిశాకే స్పానర్ పెట్టాడు. పైపును సైలెన్సర్‌కు ఎడంగా పోనిచ్చి, రాపిడి తగలకుండా పట్టీ వేశాడు. ముందు చక్రాలు జాక్ మీద లేపి, ఇంజను ఆపే ఉంచి స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవైసార్లు తిప్పాడు. గాలి బుడగలన్నీ పోయేదాకా ఆయిల్ పోస్తూనే ఉన్నాడు. ఆఖరికి స్టార్ట్ చేసి పూర్తిగా తిప్పి పట్టుకున్నాడు. పది దాకా లెక్కపెట్టాడు. పైపు కదల్లేదు. ఆ రోజు అన్నం తిన్నాడు.

మిషాల్ బానెట్ ఎత్తి చూసి ముఖం ముడుచుకున్నాడు. నల్ల పైపు మెరవడం లేదు. రెండు నెలలు నడిపాడు. తర్వాత ఆ కారును ఎవరికో అమ్మేసి మోటారు సైకిల్ తెచ్చుకున్నాడు. లాల్ బాషా అప్పుడు ఊళ్లో ఉన్నాడు. సెలవు ఇప్పించింది బాబా. తిరిగొచ్చి చూస్తే కారు ఉండే చోట నేల మీద ఆయిల్ మరక ఒకటి ఉంది. కారు ఎవరు కొన్నారో అడగబోయి, అడగలేదట.

ఆ ఏడాది చివర్లో వీసా బదిలీకి వీలు దొరికింది. అతను బాబా దగ్గరకు వెళ్లి మాబు షాపులో చేరతానని అడిగాడు. పెద్దాయన కాగితం మీద సంతకం పెడుతూ, "ఇక్కడ నీకు ఏం తక్కువైంది?" అన్నాడు. లాల్ బాషా ఏవో మర్యాద మాటలు చెప్పాడు. అసలు సంగతి మాత్రం మాకు చెప్పాడు. ఆ ఇంటి గేటు తీసిన ప్రతిసారీ చెంప మీద ఆయిల్ చెయ్యి తగిలినట్టు ఉండేదట.

మాబు షాపులో అతను తొమ్మిదేళ్లు చేశాడు. పరీక్ష పెట్టకుండా పైపు ఇచ్చేవాడు కాదు. క్రేన్ ఆగిపోయిందని, సైటు మీద ముదీర్, అంటే మేనేజరు, అరుస్తున్నాడని డ్రైవర్లు కాళ్లావేళ్లా పడినా, "ఖలాస్, అయిపోయింది, ఇంకో పది నిమిషాలు" అనేవాడు. ఆ పది నిమిషాలు ఎప్పుడూ అరగంటయ్యేవి. కొందరు వేరే షాపులకు పోయారు. మాబు విసుక్కునేవాడు గానీ వద్దని చెప్పలేదు.

2015లో అతను రాయచోటి వెళ్లిపోయాడు. ఇప్పుడు బోరు లారీలకూ జేసీబీలకూ పైపులు కడుతున్నాడు. మొన్న రంజాన్‌కు ఫోన్ చేస్తే భార్య సుల్తాన్‌బీ ఎత్తింది. వెనక నుంచి అతని గొంతు వినిపిస్తోంది. ఎవరో పాత పైపుకు క్లిప్పు వేసి ఇవ్వమన్నారట.

"పొద్దుటి నుంచి ఇదే గొడవన్నా" అంది సుల్తాన్‌బీ. "ఆయప్పను పంపించేసినాక మాట్లాడతాడులే."

అరగంట తర్వాత మళ్లీ చేశాను. గొడవ ఇంకా అయిపోలేదు.